అదే డ్యూటీ, అదే ఆలోచన

రైలు వస్తోంది, గేటు వెయ్యమని స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో చెబుతాడు. గేటు వేశాక గేట్‌మన్ "వేశానండీ" అంటే సరిపోదు. అతని దగ్గర ఒక కాగితం ఉంటుంది. దాన్నిండా వరుస లేని రెండంకెల సంఖ్యలు. వాటిలో తర్వాతి సంఖ్య చదివి చెప్పాలి. అటువైపు స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్లో రాసుకోవాలి. వాడేసిన సంఖ్యను గేట్‌మన్ కొట్టేయాలి. రైల్వేలో దీన్ని ప్రైవేట్ నంబరు అంటారు. బయటివాళ్లకు ఇది కాగితాల తతంగంలా కనిపిస్తుంది. దీని వెనక మనిషి మనసు గురించి గట్టి అవగాహన ఉంది. అదే ప్రశ్నకు అదే జవాబు రోజూ ఎన్నోసార్లు చెప్పేవాడికి, మనసు ఇంకెక్కడో ఉండగానే నోరు "వేశాను" అనేస్తుంది. సంఖ్య చెప్పాలంటే కాగితం చూడక తప్పదు.

ఖరగ్‌పూర్ ఈ పద్ధతుల మీద బతికే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టి, వర్క్‌షాపు పెట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మనుషులు రైలు పనికి వచ్చి మథురకాఠీలో, నింపురాలో స్థిరపడ్డారు. తాత గ్యాంగ్‌మన్, తండ్రి ఫిట్టర్, కొడుకు లోకో పైలట్ అయిన ఇళ్లు ఇక్కడ వింత కాదు. అలాంటి ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఏటుంది, డ్యూటీ, ఇల్లు, మళ్లీ డ్యూటీ." కాసేపు కూర్చుంటే రెండో మాట కూడా బయటికొస్తుంది. బుర్రలో అదే ఆలోచన తిరుగుతోంది, పోవడం లేదు. చెప్పేవాళ్లు ఈ రెండిటినీ ఒకటిగానే చెబుతారు. పని విసుగు కాబట్టి ఆలోచన తిరుగుతోందని వాళ్ల నమ్మకం. నాకు అలా అనిపించదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి గాని, ఒకదానికి ఒకటి పుట్టలేదు. వీటిని విడదీసి చూస్తే తప్ప ఏ ఒక్కదానికీ దారి దొరకదు.

ముందు పని సంగతి. 1913లో హ్యూగో మ్యున్‌స్టర్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త ఫ్యాక్టరీ పనుల మీద పుస్తకం రాస్తూ, బల్బులకు పల్చటి కాగితం చుట్టే ఒక కార్మికురాలి గురించి చెప్పాడు. ఆమె పన్నెండేళ్లుగా అదే పని చేస్తోంది, రోజుకు సుమారు 13 వేల బల్బులు. విసుగు లేదా అని అడిగితే లేదంది. పని తనకు నిజంగా ఆసక్తిగానే ఉందంది. ఎప్పటికప్పుడు తేడాలు కనిపిస్తాయట. చూసేవాడికి ఒకేలా ఉన్న పనిలో చేసేవాడికి తేడా కనబడవచ్చనీ, పైకి రకరకాలుగా కనిపించే పని చేసేవాడు విసిగి ఉండవచ్చనీ మ్యున్‌స్టర్‌బర్గ్ గమనించాడు. ఏ పని విసుగో బయటినుంచి తేల్చలేం.

పట్టాల మీద కీమన్‌ను తీసుకోండి. రోజూ తన బీటు మొత్తం నడిచి, సడలిన క్లిప్పులు బిగించాలి, విరిగిన చోటు కనిపెట్టాలి. నిన్న నడిచిన దారే ఇవాళా, రేపూ. వెళ్లేటప్పుడు ఒక పట్టా వెంట వెళ్లి వచ్చేటప్పుడు రెండో పట్టా వెంట రావాలని నియమం. దారి మారకపోయినా కంటికి పని మారుతుంది. ఎండాకాలం పట్టా సాగుతుంది, చలికాలం కుంచించుకుపోతుంది, వానాకాలం కట్ట కింద మట్టి జారుతుంది. మంచి కీమన్‌కు తన బీటులో ఏ వెల్డు దగ్గర జాగ్రత్త పడాలో తెలుసు. ఈ మనిషి బతుకు మార్పు లేనిదని మనం ఏ ధైర్యంతో అంటాం?

ఆలోచన సంగతి వేరు. చేతికి పని బాగా అలవాటయ్యాక మనసుకు తీరిక దొరుకుతుంది. తీరిక దొరికిన మనసు ఖాళీగా ఉండదు. బయటి పని మీద ధ్యాస లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా ఉంటాయని మార్కస్ రైకల్ బృందం 2001లో చూపింది. గతాన్ని తవ్వుకోవడానికీ, రాబోయేదాన్ని ఊహించుకోవడానికీ, మనల్ని మనం తూచుకోవడానికీ ఈ భాగాలకు సంబంధం ఉంది. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ఫోన్ల ద్వారా రోజులో అప్పుడప్పుడు మనుషుల్ని పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు. అంటే మనసు తిరగడం జబ్బు కాదు, విసుగు పుట్టించే ఉద్యోగం తెచ్చిపెట్టిందీ కాదు. సగటు మనిషికి మెలకువలో దాదాపు సగం సమయం అలాగే గడుస్తుంది.

తేడా అంతా తిరిగే మనసు ఎక్కడ ఆగిపోతుందన్నదే. ఊళ్లో పొలం పంపకం తేలలేదు. అమ్మాయి సంబంధం కుదిరి తప్పిపోయింది. పైఅధికారి నలుగురి ముందు అన్న మాట అరగలేదు. ఇవన్నీ ముగియని విషయాలు. మనసు వాటి దగ్గరికే మళ్లీ మళ్లీ వెళుతుంది. వెళ్లడం తప్పు కాదు. వెళ్లి "నాకే ఎందుకిలా" అని అడగడం మొదలుపెడితే చిక్కు. ఆ ప్రశ్నకు జవాబు ఉండదు కాబట్టి ప్రశ్న ఆగదు. సూసన్ నోలెన్-హోక్సెమా తన జీవితమంతా ఈ తిరుగుడునే పరిశోధించింది. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి సుమారు రెండు వారాల ముందే ఆమె కొందరు విద్యార్థుల ఆలోచనా తీరును నమోదు చేసి ఉంది. భూకంపం తర్వాత చూస్తే, బాధను పట్టుకుని దానిచుట్టూ తిరిగే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో దిగులు ఎక్కువగా కనిపించింది. ఆపద అందరికీ ఒకటే, తిరుగుడు అలవాటే వేరు.

ఇంట్లోవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: "దాని గురించి ఆలోచించకు." ప్రేమతో చెప్పే మాటే గాని పనిచేయదు. 1987లో డేనియల్ వెగ్నర్ కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి తప్ప ఏదైనా ఆలోచించమన్నాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. తర్వాత ఎలుగు గురించి ఆలోచించవచ్చని అనుమతిస్తే, ముందునుంచీ అనుమతి ఉన్నవాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువ సార్లు వచ్చింది. ఒక ఆలోచన రాకుండా చూడాలంటే అది వచ్చిందో లేదో మనసు కనిపెడుతూ ఉండాలి. ఆ కాపలాయే దాన్ని పిలిచి తెస్తుంది.

మరి ఏం చేయాలి? రైల్వే తన మనుషుల మనసు తిరగకూడదని ఆదేశించలేదు. తిరుగుతుందని ఒప్పుకుని పద్ధతులు పెట్టింది. నాకు ఇందులో పెద్ద వివేకం కనిపిస్తుంది. లోకో పైలట్ సిగ్నల్ చూసి రంగును చేత్తో చూపి గట్టిగా చెబుతాడు, సహాయకుడూ చెబుతాడు. జపాన్ రైల్వేలు ఈ అలవాటును మరింత కట్టుదిట్టంగా పాటిస్తాయి. 1994లో అక్కడి రైల్వే పరిశోధనా సంస్థ ఒక సులువైన పని చేయించి లెక్కేస్తే, ఏమీ చేయనప్పుడు నూటికి 2.38గా ఉన్న పొరపాట్లు, వేలితో చూపి పైకి చెప్పినప్పుడు 0.38కి తగ్గాయి. ఇంజన్లో ఇంకో పరికరం ఉంది. డ్రైవర్ దాదాపు నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు పడతాయి.

తిరిగే ఆలోచన విషయంలోనూ పైకి చెప్పడం, కాగితం మీద పెట్టడం పనికొస్తాయి. లోపల ఉన్నంతసేపూ అది పొగ, రాస్తే రెండు వాక్యాలు. ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త చూపిన మార్గం ఇంకా సూటిగా ఉంటుంది. "ఎందుకిలా అయింది" అన్న ప్రశ్నను "ఇది ఎలా జరిగింది, ఇప్పుడు నేను చేయగల మొదటి పని ఏది" అన్న ప్రశ్నగా మార్చడం. పొలం పంపకం గురించి వందసార్లు కుమిలే మనిషి, ఆదివారం అన్నకు ఫోన్ చేసి సర్వే నంబరు అడగడం అనే ఒక్క పనికి దిగితే, ఆలోచన ఆగకపోయినా కదులుతుంది. థామస్ బోర్కొవెక్ 1980లలో పరీక్షించిన మరో పద్ధతి, దిగులుకు రోజూ అరగంట కేటాయించడం. వేళకాని వేళ వచ్చిన దిగులును తోసేయక్కర్లేదు, ఆరింటికి రమ్మంటే చాలు. ఇరవై నాలుగు గంటలూ రోస్టర్ మీద నడిచే ఇళ్లకు ఇది తేలిగ్గా అర్థమయ్యే సంగతి. పడుకునే వేళకు దగ్గరగా, పడక మీద మాత్రం ఆ అరగంట పెట్టుకోకూడదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అన్నీ మనసులోనే సరిచేసుకోమనడం అన్యాయం. వరస నైట్ డ్యూటీలు, రెస్టు కోత, తెల్లవారుజామున పిలుపు, ఇవి నిద్రను తినేస్తాయి. నిద్ర లేని మెదడుకు ప్రతి చిన్న విషయమూ కొండే. అలాంటిచోట మందు రోస్టర్లో ఉంటుంది. ఖరగ్‌పూర్‌కు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1927లో వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు, ఉద్యోగాల కోత మీద నెలల తరబడి పోరాడారు. ఆ రైల్వే కార్మికుల నాయకుల్లో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. పనివాడి అలసటను అతని స్వభావలోపంగా చూడని తరం అది.

2001 నుంచి 2003 వరకు క్రికెటర్ ధోనీ ఇదే ఊళ్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. ఆ కథను అందరూ విసుగు నుంచి తప్పించుకున్న కథగా చెబుతారు. మిగిలిపోయినవాళ్ల గురించి నాకు ఎక్కువ పట్టింపు. వాళ్లలోనూ పదవీ విరమణ చేసినవాళ్ల గురించి మరీ. నలభై ఏళ్లు రోస్టర్ను తిట్టుకున్న మనిషికి రోస్టర్ పోయాకే ఆలోచనలు ముసురుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. పొద్దున లేచే వేళ, నడక, మార్కెట్టు, మనవడి బడి, సాయంత్రం తోటి పింఛనుదార్లతో కూర్చోవడం, ఇవి వేళకు జరిగితే మనసుకు ఆసరా. రోజూ ఒకేలా ఉండడం ఇక్కడ మేలే చేస్తుంది.

ఇక గుర్తుపట్టాల్సింది, అలవాటు జబ్బుగా మారే చోటు. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని పదే పదే వెళ్లి చూడడం, చేతులు కడిగిందే కడగడం, వద్దనుకున్నా వచ్చే భయంకరమైన ఊహలు, వాటికోసం రోజులో గంటకు పైగా పోవడం, ఇవి ఒ.సి.డి. లక్షణాలు. ఆకలీ నిద్రా పోయి వారాల తరబడి దిగులు వదలకపోతే అది డిప్రెషన్ కావచ్చు. రెండింటికీ చికిత్స ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బెంగాల్లో ఉన్నా తెలుగులో మాట్లాడతానని చెప్పవచ్చు.

ఒ.సి.డి. ఉన్న మనిషి "తాళం వేశామా?" అని ఐదోసారి అడిగినప్పుడు, "వేశాం, నేను చూశాను" అని ఇంట్లోవాళ్లు మళ్లీ భరోసా ఇస్తారు. ఆ భరోసా కాసేపే నిలుస్తుంది, ఆరో ప్రశ్నకు దారి వేస్తుంది. చికిత్సలో నేర్పేది వేరు. చూడకుండా, అడగకుండా ఆ భయాన్ని ఓర్చుకుంటే అది తనంతట తానే దిగుతుందని మనిషి అనుభవంతో తెలుసుకోవాలి. కాబట్టి డాక్టరు సలహాతో, ముందే అనుకుని, ఇంట్లోవాళ్లు చెప్పాల్సిన జవాబు ఇది: "భయమేస్తోందని తెలుసు. ఈసారి నేను చెప్పను. పద, ఇద్దరం అలా నడిచొద్దాం."