‘పలాస 1978’ సరే... మరి పలాస సంగతేమిటి?

‘పలాస 1978’ చిత్రానికి దర్శకుడెవరు? కరుణకుమార్! సంగీతం కూర్చి, ప్రతినాయకుడి వేషమూ కట్టిందెవరు? రఘు కుంచె! విడుదలైందెప్పుడు? 2020 మార్చి 6న!

ఇలాంటి ప్రశ్నలకు మన పాఠకులు కళ్ళు మూసుకుని జవాబు చెప్పేస్తారు. ఇంటర్వెల్లో స్నేహితులతో పందెం కాయడానికి ఇంతకంటే మంచి సరుకు లేదు. కానీ ఈ సరుకంతా మూటగట్టి విజ్ఞాన సర్వస్వంలో, అందునా ‘పలాస’ అనే ఊరి పేరు కింద దించేయొచ్చా? అదీ ఈ వారం పేచీ!

పేచీ ఎక్కడిదంటారా? టెక్కలిలో మా మేనల్లుడున్నాడు. కాలేజీ కుర్రాడు, సినిమా అంటే ప్రాణం. తెలుగు వికీపీడియాలో చేర్చడానికి ‘సినిమాల్లో మన ఉద్దానం’ అని ఓ జాబితా తయారుచేశాడు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయొచ్చు. రాసినదాన్ని ఇంకొకరు దిద్దొచ్చు, పనికిరాదనుకుంటే తీసేయనూ వచ్చు. అందుకే ముందుగా నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

జాబితా చాంతాడంత ఉంది! ఫలానా చిత్రంలో హాస్యనటుడు పలాస జీడిపప్పు అడిగాడు. ఫలానా హీరోగారి కారు కాశీబుగ్గ మీదుగా పోయింది. ఇంకో సినిమాలో విలన్ అనుచరుడిది సోంపేట...

“ఇందులో సగానికి పైగా కొట్టేయాలిరా,” అన్నాను.

“ఏటి మావయ్యా! సినిమా అంటే అంత లోకువేటి?”

లోకువ కాదు సుమండీ! సినిమా వారపత్రికలో రాసుకు బతికేవాణ్ణి, సినిమాను లోకువ చేస్తానా? చిల్లరా డబ్బే. అయితే దాన్ని దాచుకునే చోటు వేరు.

‘అ’ దాటని సర్వస్వం

కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. ఆ రోజుల్లో ప్రతి పేజీకీ కాగితం కావాలి, అచ్చు కావాలి, డబ్బు కావాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ఆ ఖర్చే సగం తేల్చేసేది.

ఇప్పుడా ఇబ్బంది లేదు, చోటుకు కొదవే లేదు. కానీ చదివేవాడి ఓపిక మాత్రం పెరగలేదు గదా! ఎక్కడో అనంతపురంలోనో, అమెరికాలోనో ఉన్న కుర్రాడు పలాస, ఉద్దానం గురించి తెలుసుకోవాలని చూశాడనుకోండి. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీ రైతుల పోరాటంలో పోలీసు కాల్పులకు నేలకొరిగిన వీరగున్నమ్మ వాడికి కనబడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చేసిన కొబ్బరి, జీడి తోటలు కనబడాలి. ఏళ్ళ తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బూ, దానికోసం పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన ఆసుపత్రీ కనబడాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటేటా వలసొచ్చే పక్షులు కనబడాలి. వీటన్నిటికంటే పొడుగ్గా హాస్యనటుడి జీడిపప్పు జోకులుంటే ఊరికి మర్యాదేనా?

మూడు ప్రశ్నలు

అందుకని నేనూ మావాడూ కూర్చుని ప్రతి ముక్కకూ మూడు ప్రశ్నలు వేశాం. ఇది తీసేస్తే ఊరి గురించి మన ఎరుక ఏమైనా తగ్గుతుందా? దీనికి అచ్చులో ఆధారం ఉందా? ఇది ఉండాల్సింది ఈ పేజీలోనా, ఇంకో పేజీలోనా?

‘పలాస 1978’ మొదటి ప్రశ్నకే నిలబడింది. ఊరి పేరే టైటిలు, పలాస మనిషే దర్శకుడు, కులం పేరుతో సాగే అణచివేతపై తిరగబడిన అన్నదమ్ముల కథ. ఊరి పేజీలో దానికి రెండు వాక్యాలు దర్జాగా ఉండాలి. తారాగణం, పాటలు, విడుదల తేదీ మాత్రం సినిమా సొంత పేజీలోకి పోవాలి.

2025 ఫిబ్రవరి 7న వచ్చిన ‘తండేల్’ సంగతో? నాగచైతన్య, సాయిపల్లవి నటించగా చందూ మొండేటి తీసిన ఈ చిత్రానికి పలాస పేజీలో పనిలేదు. బతుకుతెరువుకు గుజరాత్ పోయి పడవలెక్కి, 2018లో పాకిస్తాన్ వాళ్ళకు చిక్కిన శ్రీకాకుళం జిల్లా జాలర్ల కథకు అది ఆనవాలు. కాబట్టి ఆ వలస గురించి రాసేచోట ఉండాలి. జీడిపప్పు జోకూ, కాశీబుగ్గ కారూ మొదటి ప్రశ్నకే ఎగిరిపోయాయి!

చిక్కల్లా చివరి ముక్కతో వచ్చింది. మా తీరంలో వెనకటికి ఓ పాట చిత్రీకరించారట, ఊరి పెద్దాయనొకరు కళ్ళారా చూశారట.

“తాత అబద్ధమాడతాడేటి?” అన్నాడు మావాడు.

తాత మాట నిజమే కావొచ్చు. కానీ విజ్ఞాన సర్వస్వానికి ‘అట’లు పనికిరావు. చదివినవాడు వెళ్ళి సరిచూసుకునే దారుండాలి. అలాగని చెత్తబుట్టలో వేద్దామా? ఆ పెద్దాయనతోనే ఆ కబురూ వెళ్ళిపోతుందే! జాబితాలో నిజంగా విలువైన ముక్క బహుశా అదొక్కటే. మిగతావి సినిమా ఉన్నంతకాలం సినిమాలోనే దొరుకుతాయి, ఇది ఇంకెక్కడా దొరకదు.

అందుకే మిత్రులారా, మీ ఊళ్ళో షూటింగు చూసిన పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే వెళ్ళి అడగండి. ఏ చిత్రం, ఏ సంవత్సరం, ఎక్కడ, ఎవరెవరొచ్చారు... అన్నీ రాసుకోండి. ఇంట్లో పాత పాటల పుస్తకాలూ, సినిమా పత్రికలూ ఉంటే వాటితో సరిపోల్చండి. పొంతన కుదిరితే మన పత్రికకు రాయండి. ఒకసారి అచ్చులో పడితే రేపు ఏ సర్వస్వమైనా దాన్ని చూపించి రాసుకోవచ్చు.

సర్వస్వంలో సీటు దొరకాలంటే ముందు టికెట్టు ఉండాలి. ఆ టికెట్టు చింపిచ్చే కౌంటరు ఇలాంటి పత్రికే! ఏమంటారు?