జంట కార్బొరేటర్ల సమన్వయం: సైకిల్ పుల్లలతో పరీక్ష

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- రెండు కార్బొరేటర్లు ఒకేసారి ఎందుకు తెరుచుకోవాలో వివరించగలుగుతారు.
- అందుకు కావలసిన పరికరాన్ని ఇంట్లోనే తయారు చేసుకోగలుగుతారు.
- సర్దుబాటును సరైన క్రమంలో చేయగలుగుతారు.

పరిచయం

జగ్గయ్యపేట, నందిగామల మీదుగా వెళ్లే హైదరాబాదు–విజయవాడ 65వ నెంబరు జాతీయ రహదారిపై కనిపించే మోటారు సైకిళ్లలో చాలావాటికి ఒకే సిలిండరు ఉంటుంది. ఎస్కార్ట్స్ సంస్థ 1983లో విడుదల చేసిన రాజ్‌దూత్ 350 అలాంటిది కాదు. దాని 347 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజనులో సిలిండర్లు రెండు, కార్బొరేటర్లూ రెండు. ఈ బండిని ఇప్పటికీ అపురూపంగా కాపాడుకుంటున్నవారున్నారు.

యాక్సిలరేటరు తిప్పినప్పుడు కేబుళ్లు రెండు కార్బొరేటర్లలోని స్లైడులను పైకి లాగుతాయి. కాలక్రమంలో ఒక కేబుల్ సాగినా, దాని సర్దుబాటు మారినా ఒక స్లైడు ముందు, మరొకటి వెనుక లేస్తాయి. ఎక్కువ తెరుచుకున్న వైపు సిలిండరు ఎక్కువ భారం మోసి, ఎక్కువ వేడెక్కుతుంది. బండి అదురుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో అతిగా వేడెక్కిన పిస్టను సిలిండరును పట్టేయవచ్చు. అప్పుడు వెనుక చక్రం బిగుసుకుపోతుంది. రహదారిపై వేగంగా పోతున్నవారికి ఇది ప్రాణాపాయం. అలా జరిగితే వెంటనే క్లచ్ నొక్కాలి.

పరికరం తయారీ

సైకిల్ షాపులో ఒకే రకం పుల్లలు రెండు తీసుకోండి. వాటి మందం సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండింటినీ 15 సెంటీమీటర్ల పొడవుకు సమానంగా కోయండి. లోపలికి వెళ్లే కొనను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లేకపోతే మెత్తని లోహంపై గీతలు పడతాయి. ఇంజనులోకి జారిపోకుండా బయటి కొనను కొంచెం వంచండి. కొన నుంచి సమాన దూరంలో రెండింటిపైనా గుర్తు పెట్టండి.

ఇక్కడ పనిచేసేది తులాదండ సూత్రం. పుల్లలో లోపలి భాగం పొట్టిగా, బయటి భాగం పొడవుగా ఉంటుంది. అందువల్ల లోపలి చిన్న కదలిక బయట పెద్దదిగా కనిపిస్తుంది.

పద్ధతి

1. ఇంజను ఆపి, చల్లారనివ్వండి. పెట్రోలు కుళాయి కట్టేయండి. ఫిల్టరు వైపు రబ్బరు గొట్టాలు విప్పండి.
2. రెండు కేబుళ్లనూ వదులు చేయండి. ఐడిల్ స్క్రూలను వెనక్కి తిప్పితే స్లైడులు పూర్తిగా కిందికి దిగుతాయి.
3. యాక్సిలరేటరు తిప్పి స్లైడులను ఎత్తి, మధ్యలోని సూదికి తగలకుండా పక్కగా పుల్లలను గుర్తు వరకు దూర్చండి. యాక్సిలరేటరు వదిలితే స్ప్రింగు బలానికి స్లైడులు పుల్లలను నొక్కి పట్టుకుంటాయి.
4. ఒక్కొక్క ఐడిల్ స్క్రూను మెల్లగా బిగిస్తూ, పుల్ల పట్టు వదిలి కిందికి వాలగానే ఆపండి. ఇప్పుడు రెండు స్లైడులూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తరువాత రెండు స్క్రూలనూ సమానంగా వెనక్కి తిప్పండి. పుల్లలను మళ్లీ అమర్చండి.
5. కేబుళ్ల వదులు కొంత తగ్గించి, యాక్సిలరేటరును చాలా నెమ్మదిగా తిప్పండి. రెండు పుల్లలూ ఒకే క్షణంలో వాలాలి. ఒకటి ముందు వాలితే ఆ వైపు కేబుల్ ఎక్కువ బిగువుగా ఉన్నట్లు. దాన్ని కొద్దిగా వదులు చేసి మళ్లీ చూడండి.
6. లాక్ నట్లు బిగించి మరొకసారి పరీక్షించండి. నట్టు బిగించేటప్పుడు సర్దుబాటు మారే అవకాశం ఉంది.

పుల్లలు రెండూ బయటికి తీశారని లెక్క చూసుకున్న తరువాతే ఇంజను స్టార్టు చేయండి. ఐడిల్ వేగం మార్చవలసి వస్తే రెండు స్క్రూలనూ సమానంగానే తిప్పండి. హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు ఇంజను వేగం పెరగకూడదు. పెరిగితే కేబుల్‌కు తగినంత వదులు లేదని అర్థం.

పరిమితి

ఈ పద్ధతి స్లైడుల కదలికను మాత్రమే సరిచేస్తుంది. జెట్టులో చెత్త చేరినా, రబ్బరు గొట్టం పగిలి గాలి పీల్చినా ఆ లోపం అలాగే ఉంటుంది. కాబట్టి కొన్ని కిలోమీటర్లు నడిపి, ఇంజను చల్లారాక ప్లగ్గులు విప్పి పోల్చండి. రెండూ ఒకే గోధుమ రంగులో ఉండాలి. ఒకటి తెల్లగా ఉంటే కారణం తెలుసుకునేవరకు బండిని రహదారి ఎక్కించవద్దు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పుల్ల బయటి భాగం పొడవుగా ఎందుకు ఉండాలి?
2. కేబుళ్ల కంటే ముందు ఐడిల్ స్క్రూలను ఎందుకు సరిచేయాలి?