పెరటి పండ్లతో జెల్లీ, స్క్వాష్ తయారీ: జూబ్లీహిల్స్ ఎత్తుకు తగిన సవరణలు

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు గ్రానైట్ గుట్టలపై విస్తరించి ఉన్నాయి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చిన తరువాత ఇక్కడ నివాసాలు బాగా పెరిగాయి. పెరడు మిగిలిన ఇళ్లలో జామ, నిమ్మ, దానిమ్మ, సీతాఫలం వంటి చెట్లు పెంచుకోవచ్చు. అయితే చెట్టు కాపు కొద్ది వారాలలోనే ఒక్కసారిగా చేతికి వస్తుంది. ఇంటివారు తినగా మిగిలినది నేలరాలి పండు ఈగకు ఆశ్రయమవుతుంది. ఈ మిగులును నిల్వ పదార్థాలుగా మార్చడమే సరైన మార్గం. కాని పాఠ్యపుస్తకాలలోని ఉష్ణోగ్రతలను యథాతథంగా పాటిస్తే ఈ గుట్టలపై జెల్లీ చెడిపోయే అవకాశం ఉంది.

నేల, చెట్ల యాజమాన్యం

రాతి పొర పైకే ఉన్న చోట వేరు లోతుకు దిగదు. కనీసం 60 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంత తీయగలిగిన చోటనే జామ నాటాలి. రాయి అడ్డుపడితే నిమ్మను పెద్ద తొట్టెలో పెంచడం మేలు. వర్షాకాలపు జామకాయ నీరుగా, చప్పగా ఉంటుంది; పండు ఈగ బెడదా ఎక్కువే. అందువల్ల ఫిబ్రవరి నుండి మే మధ్య వరకు నీరు ఆపి, జూన్‌లో ఎరువు వేసి నీరు పెడితే శీతాకాలపు కాపు వస్తుంది. నిల్వ పదార్థాలకు ఈ కాపే శ్రేష్ఠం. మిథైల్ యూజినాల్ ఎరలు వేలాడదీసి, రాలిన కాయలను ఏరి లోతుగా పూడ్చాలి.

జామ జెల్లీ

దోరగా పండిన కాయలను ముక్కలు చేసి, కిలోకు ఒకటి నుండి ఒకటిన్నర లీటర్ల నీరు, 2 గ్రాముల సిట్రిక్ ఆమ్లం చేర్చి అరగంట ఉడికించాలి. పిండకుండా పలుచని గుడ్డలో వడకట్టాలి. చెంచాడు రసానికి రెండు మూడు చెంచాల స్పిరిట్ కలిపితే పెక్టిన్ ఒకే ముద్దగా గడ్డకట్టిన రసానికి సమాన బరువు చక్కెర, రెండు మూడు ముద్దలైతే ముప్పాతిక వంతు, చిన్న ముక్కలుగా విడిపోతే సగం చక్కెర వేయాలి. పరీక్షించిన రసాన్ని తినరాదు.

జెల్లీలో కరిగిన ఘనపదార్థం 65 శాతానికి చేరినప్పుడు దించాలి. సముద్రమట్టంలో ఇది 105 డిగ్రీల సెల్సియస్. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. జూబ్లీహిల్స్ అంతకంటే ఎత్తు. ఇక్కడ నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతుంది. అంటే జెల్లీ 103 డిగ్రీల వద్దనే సిద్ధమవుతుంది. 105 వరకు కాచితే ఘనపదార్థం 70 శాతం దాటి జెల్లీ బిగుసుకుపోతుంది. చక్కెర స్ఫటికాలు కడుతుంది, రంగు ముదురుతుంది. కనుక ముందుగా అదే థర్మామీటరుతో మరిగే నీటి ఉష్ణోగ్రత చూసి, దానికి 5 డిగ్రీలు కలుపుకోవాలి. థర్మామీటరు లేనివారు తూకం చూడవచ్చు: కిలో చక్కెర వేసిన జెల్లీ కిలోన్నరకు దిగినప్పుడు పాకం సిద్ధమైనట్లే.

నిమ్మ స్క్వాష్

లీటరు నీటిలో 2 కిలోల చక్కెర కరిగించి, వడకట్టి చల్లార్చి, లీటరు నిమ్మరసం కలపాలి. సుమారు 4 కిలోల ఈ స్క్వాష్‌కు పొటాషియం మెటాబైసల్ఫైట్ 2.4 గ్రాములు, అంటే కిలోకు 0.6 గ్రాములు సరిపోతుంది. దీనివల్ల సల్ఫర్ డయాక్సైడ్ 350 పి.పి.ఎం. అనే చట్టబద్ధ పరిమితిని దాటదు. చెంచా కొలత నమ్మదగినది కాదు. చిన్న తూనిక యంత్రం వాడాలి. వేడి పాకంలో వేస్తే వాయువు ఎగిరిపోతుంది. దానిమ్మ, నేరేడు వంటి రంగు రసాలను సల్ఫైట్ వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి వాటికి సోడియం బెంజోయేట్ ఎంచుకోవాలి. ఉబ్బస రోగులకు సల్ఫైట్ పడకపోవచ్చు. సీసాపై దాని పేరు తప్పక రాయాలి. సీతాఫలం గుజ్జు వేడికి చేదెక్కుతుంది. దానిని కాచకుండా గడ్డకట్టించి నిల్వ చేయడమే మంచిది.

భద్రత

ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు పుల్లని రసానికి పనికిరావు. స్టీలు పాత్రలు వాడాలి. వేడి జెల్లీ నింపి మూత బిగించిన సీసాలను మరిగే నీటిలో ఉంచే సమయం కూడా ఎత్తును బట్టి మారుతుంది. తక్కువ ఎత్తులో 5 నిమిషాలు చాలగా, ఇక్కడ 10 నిమిషాలు ఉంచాలి. బూజు కనిపిస్తే పైపొర తీసివేయడంతో సరిపెట్టరాదు. సీసా మొత్తం పారవేయాలి. అమ్మకానికి తయారు చేసేవారు ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఎ.ఐ. వద్ద నమోదు చేసుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణను వంటకంతో గాక మరిగే నీటితో ప్రారంభించడం ఉత్తమం. ప్రతి శిక్షణార్థి తన వంటింట్లో నీరు ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో కొలిచి రాసుకుంటే, అదే పద్ధతి విశాఖ తీరంలో 105 డిగ్రీలను, సుమారు 900 మీటర్ల ఎత్తునున్న అరకు లోయలో 102 డిగ్రీలను సూచిస్తుంది. సూత్రం ఒకటే అయినా, సంఖ్య మాత్రం ఊరి ఎత్తును బట్టి మారుతుంది.