ప్లేట్‌లెట్లు, గుండె, మన దస్తర్‌ఖాన్

ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగీ జ్వరం గుర్తొస్తుంది. కౌంట్ పడిపోయిందని బొప్పాయి ఆకుల కోసం పరుగులు పెట్టే ఇళ్లు ఎన్నో. గుండెపోటుతో వీటికున్న సంబంధం గురించి మాట్లాడుకునేది మాత్రం తక్కువ. అక్కడ సమస్య వాటి సంఖ్య కాదు, ఒకదానికొకటి అంటుకునే గుణం.

పాఠ్యపుస్తకాల్లో వీటిని రక్తఫలకికలు అంటారు. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. వంటింట్లో వేలు తెగితే గాయం దగ్గర గుమిగూడి రక్తాన్ని ఆపేవి ఇవే. గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు చిట్లినా వాటికి అది గాయమే. అక్కడా చేరతాయి. గడ్డ కడుతుంది, నాళం మూసుకుపోతుంది. పొగతాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో ఇవి మరింత త్వరగా అంటుకుంటాయి. కొవ్వు దట్టించిన భోజనం తర్వాత కూడా కొన్ని గంటలపాటు వీటి చురుకు పెరుగుతుంది. ఇఫ్తార్‌లో సమోసాలు, హలీమ్, ఆ వెంటనే బిర్యానీ లాగించేవారు ఈ సంగతి గమనించాలి.

తగ్గించే ఆహారం లేదా? ఉంది. 1970లలో డెన్మార్క్ వైద్యులు బాంగ్, డైయర్‌బర్గ్ గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్ ప్రజలను పరీక్షించారు. వారి తిండి చేపలు, సీల్ మాంసం. గాయమైతే వారికి రక్తం ఆగడానికి డెన్మార్క్ వారికంటే ఎక్కువ సమయం పట్టేది. కారణం ఒమేగా-3 కొవ్వు. ఇది ప్లేట్‌లెట్ల పొరలో చేరితే, వాటిని గుమిగూడేలా చేసే త్రాంబాక్సేన్ అనే పదార్థం తయారీ తగ్గుతుంది. అయితే ఇన్యూట్‌లకు గుండెజబ్బులు అరుదన్న మాట తర్వాతి పరిశీలనల్లో నిలబడలేదు. 2018లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో చేపనూనె మాత్రలూ ఆశించిన మేలు చేయలేదు. కనుక మాత్రలకు పోసే డబ్బుతో వారానికి రెండుసార్లు చేపలే తెచ్చుకోవచ్చు. కోస్తాలో చవగ్గా దొరికే కవళ్లు, కానాగంతల్లో ఒమేగా-3 దండిగా ఉంటుంది. వేపుడు కాదు సుమా, పులుసు!

టమాటా గింజల చుట్టూ ఉండే జిగురులోనూ ప్లేట్‌లెట్లను శాంతపరిచే పదార్థాలున్నాయి. వాటితో తయారైన సారానికి 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అనుకూలంగా అభిప్రాయమిచ్చింది. వెల్లుల్లికీ ఆ గుణం కొంత ఉంది, స్వల్పంగా.

అసలు ప్రమాదం ఈ "కొంత" దగ్గరే. "వెల్లుల్లి, కలోంజీ తింటే రక్తం పల్చబడుతుంది, ఇంక మాత్రలెందుకు?" అనే పెద్దలు ప్రతి వీధిలో ఉంటారు. ఆస్పిరిన్ తన పట్టులోకి వచ్చిన ప్లేట్‌లెట్‌లో త్రాంబాక్సేన్ తయారీని దాని జీవితకాలమంతా ఆపేస్తుంది. ఏ ఆహారమూ ఈ పని చేయలేదు. స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి సొంతంగా మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. అలాగని ఏ జబ్బూ లేనివారు ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టడమూ తప్పే. కడుపులో రక్తస్రావం కావచ్చు.

రంజాన్‌లో మాత్రలు మానేయడం ఎక్కువగా చూస్తాం. నిజానికి రోజుకొకటి వేసుకునేదాన్ని చాలామందికి ఇఫ్తార్ తర్వాతికి మార్చవచ్చు. రెండుసార్లు వేసుకునే టికాగ్రెలార్ లాంటిదాన్ని ఇఫ్తార్‌కు, సహరీకి సర్దవచ్చు. అయితే ఆ మార్పు డాక్టరే చేయాలి. నెలవంక కనిపించేదాకా ఆగకుండా షాబాన్ నెలలోనే చీటీలు తీసుకెళ్లి, వాడుతున్న వెల్లుల్లి మాత్రలు, చేపనూనె గురించి కూడా చెప్పాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారిని డాక్టరు రోజా వద్దంటే, రోగులకు సూరె బఖరాలో మినహాయింపు ఉండనే ఉంది.

రోజాలో ఉండగా ఛాతీలో బరువు, ఎడమచేతికి పాకే నొప్పి, చల్లని చెమటలు మొదలైతే "ఇంకో గంటేగా, ఇఫ్తార్ చేసి చూద్దాం" అని ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.