చిన్న ఆవిరి పడవ: కట్టుకొనుటయా, కొనుటయా?

సాయంకాలమున టాంకుబండుమీద నిలిచి హుస్సేనుసాగరమును చూచువారికి తెరచాప పడవలును మోటారు పడవలును కనబడును గాని, పొగగొట్టము గల ఆవిరి పడవ కనబడదు. అయినను ఈ సంవత్సరము సైన్సు తరగతిలో చిన్న ఆవిరి యంత్రమొకటి తిరుగుట చూచిన విద్యార్థులు కొందరు "ఇది పడవను నడపలేదా? అట్టి పడవను మనము కట్టుకొనవలెనా, కొనవలెనా?" అని మమ్ముల నడిగిరి. ఆ మాట విన్న తల్లిదండ్రులు కొందరు "నిప్పు, నీరు, పిల్లలు: ఈ మూటిని ఒకచోట చేర్చుట యుక్తమా?" అని శంకించిరి. ఇరువురి ప్రశ్నలును న్యాయమైనవే. రెంటికిని ఇచ్చట సమాధానము చెప్ప ప్రయత్నింతుము.

ఆవిరి పడవ మన దేశమునకు క్రొత్తది గాదు. 1819 లో లక్నో నవాబు విహారమునకై ఒక చిన్న ఆవిరి పడవ సిద్ధమయ్యెను. 1823 లో కలకత్తాలో "డయానా" అను స్టీమరు నీట దిగెను. తెలుగుదేశమున సర్ ఆర్థర్ కాటన్ దొర 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టించెను. ఆ కాలువలు సేద్యమునకే గాక పడవల రాకపోకలకును ఉపకరించెను. పిదప దుమ్ముగూడెము మొదలగు చోట్ల గోదావరికి అడ్డుగా నున్న రాతిబండలను దాటించి, స్టీమర్లను ఎగువ దేశమునకు నడుపవలెనని గొప్ప పనులు సాగినవి. బహుధనము వ్యయమైన తరువాత 1871 లో వానిని విడిచిపెట్టిరి. ఆవిరికి బలము చాలక గాదు. బండలును, వేసవిలో తగ్గిపోవు నీరును, ఆ పనులకగు వ్యయమును అడ్డు తగిలెను. పడవను ఎంచుకొనుటకు ముందు నీటిని ఎరుగవలెనని దీనివలన నేర్చుకొందము.

ప్రారంభింప గోరువారు మొదట జాతరలలో అమ్మెడి రేకు పడవను కొనుట మేలు. టుకటుకమని చప్పుడు చేయుచు తొట్టినీటిలో తిరుగు ఈ బొమ్మకు ఇంగ్లండులో 1891 లో తామస్ పియో అనునతడు పేటెంటు పొందెను. లోపల చిన్న రేకు డబ్బా యుండును. దానినుండి రెండు సన్నని గొట్టములు వెనుకకు వచ్చి నీటిలో మునిగియుండును. అన్నిటిని నీటితో నింపి క్రింద వత్తి వెలిగించినచో, డబ్బాలోని నీరు ఆవిరియై గొట్టములలోని నీటిని వెలికి నెట్టును. ఆ ఆవిరి గొట్టములలో చల్లబడి మరల నీరగును. అప్పుడు లోపలి పీడనము తగ్గి వెలుపలి నీరు లోనికి వచ్చును. వెలికి పోవు నీరు ధారగా ఒకే దిక్కునకు పోవును. లోనికి వచ్చునది పలు దిక్కులనుండి వచ్చును. అందుచేత పడవ ముందునకే సాగును. గొట్టముల చివరలు తెరచియుండుటచే ఇందు ఆవిరి బంధింపబడదు. కావున పెద్దవారు దగ్గర నుండగా చిన్నపిల్లలును దీనితో నేర్చుకొనవచ్చును.

రెండవ మెట్టున పడవ దేహమును మనమే కట్టవచ్చును. పడవ ఎంత నీటిని తొలగించునో అంత బరువునే మోయును. 60 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె 5 సెంటీమీటర్లు మునిగినచో 4,500 ఘన సెంటీమీటర్ల నీటిని, అనగా నాలుగున్నర కిలోల నీటిని తొలగించును. పడవకు ముందు వెనుకలు సన్నగిలును గనుక అందులో సగమే లెక్కింపవలెను. కావున కొయ్య, ఇంజను, బాయిలరు, నీరు, దీపము అన్నియు కలిసి రెండుంబాతిక కిలోలకు మించరాదు. ఈ లెక్క కాగితముమీద తేలిన పిదపనే రంపము చేత పట్టవలెను.

మేము మా మొదటి పడవకు ఈ లెక్క సరిగనే కట్టితిమి గాని, బరువు ఎంత ఎత్తున నున్నదో చూడమైతిమి. బాయిలరు అందముగ కనబడవలెనని దానిని పీటమీద నిలిపితిమి. తొట్టిలో ఒక్క అల తగులగనే పడవ ప్రక్కకు ఒరిగి, వెలుగుచున్న స్పిరిటు నీటిపై వ్యాపించెను. ఎవ్వరికిని హాని కలుగలేదు గాని ఆ దినము అందరము మౌనముగ ఇండ్లకు పోతిమి. 1990 మార్చి 10 వ తేదీన ఇదే హుస్సేనుసాగరమున, బుద్ధ విగ్రహమును మోయుచున్న బార్జి ఒరిగి విగ్రహము మునిగిన సంగతియు, పలువురు ప్రాణములు గోల్పోయిన సంగతియు మన పెద్దలకు జ్ఞాపకమే. విగ్రహమును 1992 లో పైకి తీసిరి. పోయిన ప్రాణములు మరలి రాలేదు. పడవ నడుచుటకు ముందు నిలువవలెను. బరువైనదెల్ల అడుగున నుండవలెను. నిప్పు పెట్టక మునుపే పడవను చేతితో ఒరగద్రోసి, అది తనంతట తాను లేచునో లేదో చూడవలెను.

ఇంజనుకు సిలిండరే ఇటునటు ఊగి ఆవిరి దారులను తెరచుచు మూయుచునుండు విధము సులభమైనది. దానికి వేరుగ వాల్వు అక్కరలేదు. ఇత్తడి కడ్డీలు, రాగి గొట్టములు, మరలు మన రాణీగంజు దుకాణములలో దొరకును. లేతుపని తెలిసినవారి సాయముతో పై తరగతుల విద్యార్థి దీనిని చేయగలడు.

బాయిలరు మాట వేరు. 3 కిలోల పీడనమున నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 143 డిగ్రీల వద్ద మరగును. అట్టి పాత్ర పగిలినచో లోని వేడినీటిలో కొంత తటాలున ఆవిరియగును. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,600 రెట్లు వ్యాపించును. తగరపు మాటు 200 డిగ్రీలలోపుననే కరగును. నీరు తరిగి అడుగు ఎండిన బాయిలరు ఆ వేడిని త్వరలోనే అందుకొనును. కావున రాగి బాయిలరుకు 600 డిగ్రీలకు పైగా ఓర్చు వెండి మాటు వలయును. సేఫ్టీ వాల్వును, నీటిమట్టము చూపు గాజు గొట్టమును ఉండవలెను. నిప్పు పెట్టక మునుపు దానిని చన్నీటితో నింపి, పనిచేయు పీడనమునకు రెండింతల వరకు పంపుతో పరీక్షింపవలెను. నీరు అణగునది గాదు గనుక, లోపమున్నచో అది కారునే గాని ప్రేలదు. మన బోరు నీరు గట్టిది. అది లోపల సున్నపు పెచ్చు కట్టును గనుక బట్టీపట్టిన నీటినే పోయవలెను. అందుచేత మా సలహా యిది: పడవను కట్టుడు, ఇంజనును చేయుడు, బాయిలరును మాత్రము పరీక్షాపత్రముతో కొనుడు.

మనుష్యులు ఎక్కదగిన పడవను కొనదలచు పెద్దలు మెరయుచున్న ఇత్తడిని చూచి మోసపోరాదు. ముందుగ కాగితములను, పిదప బాయిలరును, తరువాత పడవ అడుగును, చివరకు ఇంజనును చూడవలెను. ఇంజనును బాగుచేయుట సులభము. చివికిన బాయిలరును మార్చుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. 25 లీటర్లకు తక్కువైన బాయిలర్లకు 2025 నాటి బాయిలర్ల చట్టము వర్తింపదు గాని, చట్టము విడిచినంత మాత్రమున ఆవిరి మనలను విడువదు. నదులలోను జలమార్గములలోను యంత్రముతో నడుచు పడవలకు 2021 నాటి చట్టము ప్రకారము తనిఖీయు రిజిస్ట్రేషనును కావలెను. ఆ చట్టమునకు ముందున్న 1917 నాటి చట్టము మొదట ఆవిరి నౌకల పేరిటనే వెలసినది.

ఇక తల్లిదండ్రులకు మా మనవి. మీ భయము తగినదే. దానిని పిల్లలకు నిషేధముగ గాక లెక్కగ నేర్పుడు. మా రెండవ పడవలో బాయిలరు అడుగున నున్నది, దీపము చుట్టును రేకు కట్టడమున్నది. పెద్దల యెదుట, తొట్టినీటిలో, అది ఒక్కసారియు ఒరుగక పదునొకండు నిమిషములు తిరిగెను. మొదటి పడవ మునిగిన దినమున మౌనముగ పోయిన బాలురే ఆ దినమున గడియారము పట్టుకొని నిమిషములు లెక్కించిరి.