బడి కమిటీ ఎన్నిక: వోటు ఒక సాక్ష్యం

హైదరాబాదు పాతనగరంలో ప్రభుత్వ పాఠశాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు ఉన్న వోట్లలో అన్నిటికంటె చిన్నది, వారి ఇంటికి అన్నిటికంటె దగ్గరిది, పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికలోని వోటు. శాసనసభ ఎన్నికలకు బారులు తీరి నిలబడే మనవాళ్ళే ఈ ఎన్నిక నాడు బడి గడప తొక్కరు. వచ్చినవారిలోనూ పలువురు, మొహల్లా పెద్దలు ఎవరి పేరు చెబితే వారికి చేయి ఎత్తి వెళ్ళిపోతారు. ఈ వోటు వల్ల ఏమి జరుగుతుంది, ఏమి జరగదు, ధర్మశాస్త్ర దృష్టిలో దాని స్థానం ఏమిటి, ఎవరికి వేయాలో ఎట్లా నిర్ణయించుకోవాలి అనే విషయాలను పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం ఏమంటున్నది?

బడి పాలనలో తల్లిదండ్రులకు చోటు కల్పించడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో వచ్చిన పాఠశాల విద్య (ప్రజా భాగస్వామ్య) చట్టం బడి కమిటీలను ఎన్నిక ద్వారా ఏర్పరచింది. తర్వాత 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అందులోని 21వ సెక్షను ప్రకారం కమిటీ సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు విద్యార్థుల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బలహీన, అననుకూల వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి నిష్పత్తి ప్రకారం చోటు ఉండాలి. మన రాష్ట్రపు నియమాలను బట్టి ఒక్కొక్క తరగతి నుండి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. కమిటీ గడువు రెండు సంవత్సరాలు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా ఉంటాడు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు మాత్రం తల్లిదండ్రులవే.

మదర్సాలకు ఈ చట్టం వర్తించదని 2012లో చేసిన సవరణ స్పష్టం చేసింది. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014 మే 6న తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించాలా అనే ప్రశ్న 2025లో అదే న్యాయస్థానంలో తలెత్తింది. కనుక ఈ వ్యాసం ప్రధానంగా ప్రభుత్వ పాఠశాలల గురించినది.

కమిటీకి చట్టం అప్పగించిన పనులు ముఖ్యంగా మూడు: బడి నడిచే తీరును పర్యవేక్షించడం, బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయడం, ప్రభుత్వం ఇచ్చే నిధులు ఎట్లా ఖర్చవుతున్నవో చూడడం. సమగ్ర శిక్ష పథకం కింద 100 దాటి 250 వరకు పిల్లలున్న బడికి ఏటా 50 వేల రూపాయలు, 250 దాటి 1000 వరకు ఉన్న బడికి 75 వేల రూపాయల గ్రాంటు నిర్ణయించబడింది. అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి వాడవలసి ఉన్నది. ఇది పెద్ద మొత్తం కాదు. అయితే ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు ఉండడం, నల్లాలో నీళ్ళు రావడం ఇంతటి చిన్న మొత్తాల మీదనే ఆధారపడి ఉంటాయి.

కమిటీకి లేని అధికారాలను కూడా తెలుసుకోవాలి. అది ఉపాధ్యాయులను నియమించలేదు, బదిలీ చేయలేదు, పాఠ్యపుస్తకాలు మార్చలేదు. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ పోస్టులు ఏండ్ల తరబడి ఖాళీగా ఉండడం మన బడుల పాత జబ్బు. రిజర్వు చేసిన పోస్టులకు ఆ వర్గాలలో ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకకపోవడం దానికి ఒక కారణం. దానిని కమిటీ స్వయంగా నయం చేయలేదు. కాని ఏ తరగతికి ఉపాధ్యాయుడు లేడో తీర్మానంలో వ్రాసి, మండల విద్యాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి పంపి, జవాబు వచ్చేదాకా వెంటపడగలదు. 'నన్ను గెలిపిస్తే వచ్చే నెలలో ఉర్దూ టీచరును తెస్తాను' అనే అభ్యర్థికి కమిటీ హద్దు తెలియదు, లేదా తెలిసీ మభ్యపెడుతున్నాడు.

2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పాటు చేసి, బడుల మౌలిక సదుపాయాల పనులను వాటికి అప్పగించింది. వోటు వేయబోయేవారు ఏ పని ఏ కమిటీ చేతిలో ఉన్నదో ముందుగా ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోవడం మంచిది.

వోటు ధర్మశాస్త్రంలో ఏమవుతుంది?

ప్రాచీన ఫిఖ్‌హ్ గ్రంథాలలో వోటు అనే అధ్యాయం ఉండదు. ఆధునిక ధర్మవేత్తలు తెలిసిన సూత్రాలను దీనికి అన్వయించారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897–1976) వోటులో మూడు అంశాలున్నవని వివరించారు: షహాదత్, అనగా ఈ వ్యక్తి అర్హుడని సాక్ష్యం, షఫాఅత్, అనగా సిఫారసు, వకాలత్, అనగా మన తరఫున ప్రతినిధిని నియమించడం.

వీటిలో మొదటిదాన్ని కొంచెం ఆగి చూడాలి. అరబీలో 'షహిద' అనే ధాతువుకు హాజరై ఉండడం, చూడడం, సాక్ష్యమివ్వడం అనే అర్థాలు కలిసే ఉన్నవి. మన 'సాక్షి' అనే మాటలో కూడా 'అక్షి', అనగా కన్ను ఉన్నది. కన్నుతో చూడనిదే సాక్ష్యం లేదు. కాబట్టి ఏడాదిలో ఒక్కసారి కూడా బడికి వెళ్ళని తండ్రి అభ్యర్థి అర్హతను గురించి సాక్ష్యమివ్వబోయే ముందు కనీసం ఒక పూట బడి చూసి రావలసి ఉంటుంది. సాక్ష్యాన్ని దాచరాదని బఖరా సూరాలోని ఆదేశం (2:283) అప్పుల వ్యవహారం సందర్భంలోనిదే అయినా, దాని వెనుకనున్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. తెలిసి ఉండీ ఇంట్లో కూర్చున్నవాడు తన సాక్ష్యాన్ని ఎదుటివారికి వదిలివేసినట్లే. తల్లిదండ్రులు చాలినంత మంది రాక ఎన్నిక వాయిదా పడిన బడులూ ఉన్నవి.

ఈ ఎన్నిక సాధారణంగా చేతులెత్తే పద్ధతిలో జరుగుతుంది. అసలు చిక్కు ఇక్కడే. పోటీ చేసేది బావమరిదో, ఇంటి యజమానో అయితే, అతని ఎదుటనే మరొకరికి చేయి ఎత్తడం సులభం కాదు. స్వయంగా మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు ప్రతికూలమైనా న్యాయం పక్షాన సాక్షులుగా నిలవాలనే నిసా సూరా 135వ ఆయతు సారాంశం సరిగ్గా ఇటువంటి ఘడియ కోసమే అనిపిస్తుంది. బంధుత్వపు హక్కులు తీర్చడానికి మన సొంత సొమ్ము ఉన్నది, సమయం ఉన్నది. ఇతరుల పిల్లల బడి మాత్రం వాటిలోది కాదు.

ఎవరిని ఎన్నుకోవాలి?

ఖసస్ సూరాలో (28:26) మద్‌యన్ పెద్దాయన కుమార్తె హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనికి పెట్టుకోమని తండ్రికి సిఫారసు చేస్తూ రెండు గుణాలు పేర్కొన్నది: ఖవీ, అమీన్. ఒకటి పని చేయగల శక్తి, రెండవది నమ్మకం. ఇబ్నె తైమియా (1263–1328) తన 'అస్సియాసతుష్షర్ఇయ్య'లో ఈ రెండూ ఒకే మనిషిలో దొరకడం అరుదని చెప్పి, ఏ పదవికి ఏ గుణం ఎక్కువ అవసరమో దాన్ని చూడాలన్నారు. రెండూ కావలసిన చోట ఒక సమర్థుణ్ణి, ఒక నమ్మకస్థుణ్ణి కలిపి నియమించవచ్చునని సూచించారు.

తరగతికి ముగ్గురు సభ్యులున్న కమిటీకి ఇది చక్కగా సరిపోతుంది. కార్యాలయాల చుట్టూ తిరిగి మాట్లాడగలవారు ఒకరు, లెక్కల పుస్తకం నిష్పక్షపాతంగా చూడగలవారు ఒకరు, ప్రతి సమావేశానికీ తప్పక రాగలవారు ఒకరు ఉంటే కమిటీ నిలబడుతుంది. నమాజు, రోజా పాటించేవారు గనుక లెక్కలు కూడా తెలిసే ఉంటవి అనుకోవడం పొరపాటు. నోరున్నవాడు గనుక నమ్మకస్థుడనుకోవడం కూడా అంతే.

పాతనగరంలోని కొన్ని బడులలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలు ఒకే ఆవరణలో నడుస్తవి. అక్కడ అందరికంటె సమర్థురాలు ముస్లిమేతర కుటుంబపు తల్లి కావచ్చు. 622లో హిజ్రత్ ప్రయాణానికి మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి నియమించుకున్న అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అప్పటికి ఖురైషుల మతంలోనే ఉన్నాడు. ఎడారి దారులలో అతనికి గల నైపుణ్యాన్ని, నమ్మకాన్ని చూసి తమ ప్రాణాలనే అతనికి అప్పగించారు. అటువంటప్పుడు మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం చూసుకొనే పనికి మతం అడ్డు కానవసరం లేదు. అయితే ఉర్దూ విభాగపు పిల్లల అవసరం కూడా ఆమె అడగగలదా అని నేరుగా ఆమెనే ప్రశ్నించడం సముచితం.

స్త్రీల సగం స్థానాల విషయంలో మరో హెచ్చరిక అవసరం. పేరు భార్యది, మాట భర్తది అయితే చట్టం ఉద్దేశం నీరుగారిపోతుంది. పగటి కూలికి వెళ్ళే తండ్రి కంటె, బిడ్డ భోజనం చేశాడా, పుస్తకాలు అందాయా అనే సంగతి తల్లికే ఎక్కువ తెలుసు. 628లో హుదైబియా వద్ద సహచరులు కదలకుండా నిలిచిపోయినప్పుడు, మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహాను పాటించగా ఆ చిక్కు విడిపోయింది. ఇంగ్లండులో 1870 చట్టం ప్రకారం ఏర్పడిన స్కూలు బోర్డులకు స్త్రీలు ఆ ఏడే ఎన్నికయ్యారు. పార్లమెంటుకు వోటు వేసే హక్కు వారికి 1918లో గాని రాలేదు. బడి విషయంలో తల్లి మాటకు విలువ ఉన్నదని ఎన్నో సమాజాలు ముందుగానే గుర్తించాయి.

వోటుకు ముందు అడగవలసినవి

అభ్యర్థిని ఈ కొద్ది ప్రశ్నలు అడగండి. సమావేశాలు పనివేళల్లో జరిగితే రాగలరా? గ్రాంటు జమాఖర్చులను తల్లిదండ్రుల ముందు చదివి వినిపిస్తారా? ఖాళీ పోస్టుల గురించి ఎవరికి వ్రాస్తారు? బడి మానేసి పనిలో చేరిన పిల్లల ఇళ్ళకు వెళ్తారా? మధ్యాహ్న భోజనాన్ని నెలకెన్నిసార్లు రుచి చూస్తారు? జవాబులు గుర్తుపెట్టుకొని, తర్వాత రెండేళ్ళలో వాటినే మళ్ళీ అడగండి. ప్రతినిధిని నియమించినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది. వకాలత్ నియమం అదే. అర్హులెవరూ నిలబడకపోతే, ఆ అర్హత మీలో ఉన్నదేమో ఆలోచించి మీరే పేరు ఇవ్వవచ్చు.