బోయజు పొలం గట్టున నిలబడి మన ఉద్యోగాలను చూద్దాం

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం. ఒక తల్లి లేచి, తన కుమార్తెకు హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందని చెబుతుంది. సంఘమంతా చప్పట్లు కొట్టి దేవుణ్ని స్తుతిస్తుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. మన సంఘాల్లో ఇది తరచుగా చూసే దృశ్యమే. అయితే ఆరు నెలల తరువాత ఆ బిడ్డ ఎలా ఉందని మనం అడుగుతున్నామా? చేతికి ఎంత వస్తోంది? రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులను ఒక్కతే చూస్తోంది? 'పెద్ద ఆసుపత్రి', 'పెద్ద యూనివర్సిటీ' అన్న మాట వినగానే మన విచారణ ఆగిపోతోంది.

ఉద్యోగం దేవుడిచ్చిన దానమే. కానీ ఆ ఉద్యోగం జరిగే చోటును పరీక్షించడం అవిశ్వాసం కాదు. వాక్యంలోనే దానికి ఒక కొలత ఉంది. రూతు గ్రంథం 2వ అధ్యాయం మరోసారి తెరిచి చూడండి. బోయజు పొలానికి వస్తూనే కోతవారిని దేవుని పేరట పలకరించాడు. పరిగె ఏరుకునే పరదేశి స్త్రీ ఎవరో అడిగి తెలుసుకున్నాడు. ఆమె జోలికి వెళ్లవద్దని పనివాళ్లను ముందే కట్టడి చేశాడు. దాహమైతే నీళ్లు ఎక్కడున్నాయో చూపించాడు. భోజన వేళ పక్కన కూర్చోబెట్టి కడుపునిండా తిననిచ్చాడు. ఆమె చేతికి మరికొంత ధాన్యం దక్కేలా పనల్లోంచి లాగి విడిచిపెట్టమన్నాడు. మర్యాద, భద్రత, విశ్రాంతి, ప్రతిఫలం. ఏ ఆసుపత్రినైనా, ఏ విశ్వవిద్యాలయాన్నైనా ఈ నాలుగింటితో కొలవవచ్చు.

చేతికి వచ్చేది ఎంత?

ఆఫర్ లెటర్‌లో కనిపించే అంకె జీతం కాదు, సంస్థ మన మీద పెట్టే మొత్తం ఖర్చు. ఒక ఉదాహరణ చూద్దాం. నెల జీతం 20,000 రూపాయలు, అందులో మూలవేతనం 12,000 అనుకుందాం. సంస్థ వాటాగా పీఎఫ్‌కు 12 శాతం, అంటే 1,440 రూపాయలు, ఈఎస్ఐకి 3.25 శాతం, అంటే 650 రూపాయలు కలిపి '22,090' అని రాస్తారు. ఉద్యోగి వాటాగా మళ్లీ 1,440 పీఎఫ్, 150 ఈఎస్ఐ, 150 వృత్తి పన్ను పోతే చేతికి వచ్చేది 18,260. హాస్టలు, మెస్ ఖర్చు ఇందులోంచే కట్టాలి. పీఎఫ్, ఈఎస్ఐ మన మేలుకే. కానీ కోత కోసినది నిజంగా ఖాతాలో జమ అవుతోందా అన్నది ప్రతి నెలా చూసుకోవాలి.

నర్సుల విషయంలో మరో కొలత కూడా ఉంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాక కేంద్రం వేసిన నిపుణుల సంఘం ప్రైవేటు ఆసుపత్రుల జీతాలపై సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 పడకలు దాటినది అంతకన్నా 10 శాతానికి మించి తగ్గించరాదు. 50 నుంచి 100 పడకలున్నది 25 శాతానికి మించి తగ్గించరాదు. అంతకన్నా చిన్న ఆసుపత్రి అయినా 20,000కు తగ్గరాదు. ఇవి సిఫారసులే, అమలు చేయవలసింది రాష్ట్రాలు. అయినా ఇంటర్వ్యూకు వెళ్లే అమ్మాయికి 'ఇక్కడ ఎన్ని పడకలున్నాయి?' అన్న ప్రశ్న వెనుక ఇంత అర్థం ఉందని తెలిస్తే మంచిది.

విశ్వవిద్యాలయాల్లో ఇదే కథ మరో రూపంలో ఉంది. పీహెచ్‌డీ చేసిన మన యువకుడు 'యూనివర్సిటీలో లెక్చరర్' అంటే సంఘంలో గౌరవం. కానీ అతడు గెస్ట్ లెక్చరర్ అయితే జీతం తరగతుల లెక్కన వస్తుంది. ఒక్కో తరగతికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని యూజీసీ 2019 జనవరిలో చెప్పింది. అంకె బాగానే ఉంది. అయితే సెలవుల నెలల్లో తరగతులు ఉండవు. ఆ నెలల్లో ఇల్లు ఎలా గడవాలి? తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తుంటే కనీసం ఆ స్కేలు మొదటి జీతమైనా ఇవ్వాలని 2016 అక్టోబరులో పంజాబ్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమాన పనికి సమాన వేతనం అన్నది దయ కాదు, న్యాయం.

విశ్రాంతి, భద్రత

జీతం ఒక్కటే చూస్తే మోసపోతాం. భారత నర్సింగ్ మండలి కొలత ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక రోగికి ఒకరు ఉండాలి. రాత్రిపూట ఒక్క నర్సు చేతిలో ఇరవై మంది ఉంటే ఆమె నలిగిపోతుంది, రోగికీ ప్రమాదమే.

2024 ఆగస్టులో కలకత్తాలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలికి జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది. వైద్య సిబ్బంది భద్రతపై సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్సును నియమించింది. రాత్రి డ్యూటీలో తలుపు గడియ పడే విశ్రాంతి గది ఉందా అని అడగడం సిగ్గుపడే విషయం కాదని ఆ ఘటన మనకు నేర్పాలి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దానికి సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. కమిటీ సభ్యుల పేర్లు గోడమీద కనిపిస్తున్నాయా అన్నది చేరిన మొదటి రోజే చూడాలి.

వెళ్లిపోయే దారి కూడా ముందే చూసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దాచుకునే సంస్థ, ఉద్యోగి వెళ్లిపోతాడని ముందే భయపడుతోందన్నమాట. ఆ భయం ఎందుకో విచారించండి. బాండు మీద సంతకం పెట్టే ముందు తెలిసిన న్యాయవాదికి చూపించండి. నియామక పత్రం లేకుండా పనిలో చేరవద్దు. 2025 నవంబరు నుంచి అమల్లో ఉన్న కార్మిక కోడ్‌లు అది తప్పనిసరి అంటున్నాయి.

ఇవన్నీ ఎవరిని అడగాలి? వెబ్‌సైటును కాదు. అక్కడ పనిచేసి మానేసినవాళ్లను అడగాలి. ఇంకా, ఆసుపత్రి వరండాలో తుడిచే స్వీపరమ్మను, ఆయాను అడగాలి. వాళ్లలో చాలామంది మన సంఘాల బిడ్డలే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు సంస్థే చెల్లించాలని చట్టం ఉంది. అట్టడుగున ఉన్నవారికి ఒకటో తారీఖున జీతం అందే చోట పైవారికీ న్యాయం జరిగే అవకాశం ఎక్కువ. బోయజు మంచితనం మనకు తెలిసింది కోతవారి వల్ల కాదు, పరిగె ఏరుకునే రూతు వల్లే.

మన సంస్థల మాటేమిటి?

ఇక్కడ మనల్ని మనం పరీక్షించుకోవాలి. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి పెట్టారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి స్త్రీలకు వైద్యం మొదలుపెట్టారు. అలాంటివారి త్యాగం మీద మన సంస్థలు నిలిచాయి. ఆ త్యాగాన్ని చెప్పుకుంటూనే కొన్నిచోట్ల నర్సుకు, టీచరుకు నెలల తరబడి జీతం ఆపుతున్నారు. అడిగితే 'ఇది సేవ, పరిచర్య' అంటున్నారు. మిషనరీలు తమ సుఖాన్ని వదులుకున్నారు. మనం పక్కవాడి జీతాన్ని వదిలించి దానికి త్యాగమని పేరు పెట్టలేం. కూలివాని జీతం ఒక్క రాత్రైనా మన దగ్గర ఉంచుకోరాదని లేవీయకాండము 19వ అధ్యాయం, బిగపట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తున్నాయి. ఆ మాటలు అన్యులతో కాదు, దేవుని ప్రజలతో చెప్పినవి.

పల్లెలో పేదలకు వైద్యం చేసే చిన్న మిషన్ ఆసుపత్రికి నిజంగానే ఆదాయం చాలకపోవచ్చు. అలాంటప్పుడు లెక్కలు సిబ్బంది ముందు తెరిచి పెట్టాలి. కోత పెట్టక తప్పకపోతే సూపరింటెండెంటు నుంచే మొదలుపెట్టాలి. అప్పుడు తక్కువ జీతానికైనా మనుషులు మనస్ఫూర్తిగా నిలబడతారు.

ప్రతి సంఘం ఒక చిన్న పని చేయవచ్చు. ఆసుపత్రుల్లో, కళాశాలల్లో అనుభవమున్న ఇద్దరు ముగ్గురు పెద్దలను ఏర్పాటు చేసుకుని, ఉద్యోగంలో చేరబోయే యువతీయువకుల ఆఫర్ లెటర్ చదివిపెట్టండి. మూడు నెలలకోసారి ఫోను చేయండి. సంస్థల పాలకవర్గాల్లో ఉన్న మన సభ్యులను 'గత నెల జీతాలు ఏ తేదీన ఇచ్చారు?' అని ప్రేమతో అడగండి. ఈసారి సాక్ష్యం విని చప్పట్లు కొట్టాక, ఆ తల్లి పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఆ బిడ్డ కోసం మనం చేసే ప్రార్థనలో అదీ ఒక భాగమే.